మాయ ఒకటా, రెండా?

"నీకేమమ్మా, ఒక్క కాన్పుతో రెండు పనులు అయిపోతాయి!"

కడుపులో ఇద్దరున్నారని చెప్పగానే మా అత్తయ్య అన్న మాట ఇది. ఆ తర్వాత కనీసం ఇరవై మంది ఇదే మాటను అటూ ఇటూ మార్చి అన్నారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. నేనూ నవ్వి ఊరుకున్నాను, ఎందుకంటే అప్పటికి నాకు తెలిసిందీ అంతే. పెద్దమ్మాయిని మోసిన అనుభవం ఉంది కదా, ఈసారీ అదే దారి, కాకపోతే మూట కాస్త బరువు అనుకున్నాను. వేవిళ్లు రెట్టింపు, పొట్ట రెట్టింపు, పుట్టాక నిద్ర సగం. నా లెక్క అక్కడితో ఆగింది.

ఆ లెక్క తప్పని తెలియడానికి ఐదారు వారాలు పట్టింది. అదీ ఒక స్కానింగ్ డాక్టర్ విసుక్కుంటే తెలిసింది.

మొదటి స్కానింగ్ ఏడో వారంలో ఇంకోచోట చేయించుకున్నాం. ట్విన్స్ అనీ, ఇద్దరి గుండెలూ కొట్టుకుంటున్నాయనీ ఆ రిపోర్టులో ఒకే ఒక్క లైను, పక్కన ఒక ఫోటో. దాన్నే ఫైల్లో భద్రంగా పెట్టుకుని తిరిగాను. పన్నెండో వారం దాటాక వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆవిడ ఆ కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, "మాయ ఒకటో రెండో రాయలేదేంటి?" అన్నారు. మాయ అంటే ప్లసెంటా, కడుపులో బిడ్డకు తల్లి నుంచి పోషణ అందించేది. నేను తెల్లమొహం వేశాను. "సరే, ఇంకా టైముంది. 14 వారాలు దాటాక వచ్చుంటే తేల్చడం కష్టమయ్యేది," అంటూ స్క్రీన్ నా వైపు తిప్పారు.

ఇద్దరు పిల్లల మధ్య వెంట్రుకంత గీత. ఇద్దరి ఉమ్మనీటి సంచులనూ వేరు చేసే పొర అది. "ఈ గీత మాయను తాకే చోటు చూడండి," అన్నారు. అక్కడ మాయ కొంచెం పొరలోకి ఎగబాకి చిన్న ముక్కోణంలా కనబడితే రెండు మాయలున్నట్టు. గ్రీకు అక్షరంలా ఉంటుంది కాబట్టి దాన్ని లాంబ్డా గుర్తు అంటారట. ముక్కోణమేమీ లేకుండా గీత సన్నగా వచ్చి నిటారుగా మాయకు తగిలితే అది ఇంగ్లిష్ 'టీ' అక్షరం. అంటే ఒకటే మాయ. నాది టీ.

ఆవిడ ఆ చోటును పెద్దది చేసి, ఫోటో తీసి, దాని కింద ఏదో టైపు చేశారు. మొత్తం రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. తర్వాతి ఐదు నెలలూ నేను ఎన్నిసార్లు ఆస్పత్రికి వెళ్లాలి, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు, కాన్పు ఎప్పుడు అన్నవన్నీ ఆ రెండు నిమిషాల్లో తేలిపోయాయి.

కవలలని తెలియగానే అందరూ అడిగేది "అచ్చం ఒకేలా ఉంటారా?" అని. అది పుట్టాక చూసుకోవచ్చు. ముందు అడగాల్సింది మాయ ఒకటా, రెండా అని. అది తేలకుండా 'కవలల గర్భం ఇలా ఉంటుంది' అని ఎవరు ఏం చెప్పినా సగం మాటే. నన్నడిగితే, ఒక బిడ్డను మోయడానికీ రెండు మాయల కవలలను మోయడానికీ ఎంత తేడా ఉందో, రెండు మాయల కవలలకూ ఒక మాయ కవలలకూ మధ్య దాదాపు అంత తేడా ఉంది.

కాస్త వెనక్కి వెళ్తాను. రెండు అండాలు విడుదలై రెండూ పిండాలైతే, ఎవరి మాయ వారిది, ఎవరి సంచి వారిది. వీళ్లు ఒకేసారి పుట్టే మామూలు తోబుట్టువులు, అంతే. ఒకే అండం పిండమయ్యాక రెండుగా చీలితే కథ వేరు. ఎప్పుడు చీలిందన్న దాన్ని బట్టి ఇంటి వాటాలు పడతాయి. మొదటి మూడు రోజుల్లో చీలితే మాయలు రెండు, సంచులు రెండు. నాలుగో రోజు నుంచి ఎనిమిదో రోజు లోపల అయితే మాయ ఒకటి, సంచులు రెండు. ఇంకా ఆలస్యమైతే మాయా ఒకటే, సంచీ ఒకటే. ఒకే అండం కవలల్లో ఈ చివరి రకం నూటికి ఒకరు, అంత అరుదు. అక్కడ పిల్లల బొడ్డుతాళ్లు ఒకదానికొకటి చుట్టుకుంటాయి. రెండు వారాలు కూడా దాటిపోయి చీలిక సగంలో ఆగితే అతుక్కుని పుట్టే పిల్లలు.

దీనివల్ల ఒక చిక్కుంది. రెండు మాయలున్నాయి కాబట్టి వేర్వేరు అండాల పిల్లలే అని చాలామంది తేల్చేస్తారు. కొందరు డాక్టర్లే అలా చెప్పగా విన్నాను. ఒకే అండం కవలల్లో మూడోవంతు మందికి రెండు మాయలుంటాయి. మాయ ఒకటే ఉంటే మాత్రం పిల్లలు ఒకే అండం నుంచి వచ్చినట్టే లెక్క. ఇక "మీ వైపు ఉన్నారా, వాళ్ల వైపా?" అన్న ప్రశ్న. వేర్వేరు అండాల కవలల విషయంలో తల్లి వైపు వారసత్వం నిజంగానే పనిచేస్తుంది, ఎందుకంటే ఒకే నెలలో రెండు అండాలు విడుదల కావడమన్నది ఆమె శరీరం సంగతి. తల్లి వయసు పెరిగినా, పిల్లల కోసం మందులు వాడినా ఆ అవకాశం పెరుగుతుంది. ఒకే అండం చీలడానికి మాత్రం దాదాపుగా ఎవరి వంశమూ కారణం కాదు. ప్రపంచంలో ఎక్కడ చూసినా వెయ్యి కాన్పుల్లో మూడు నాలుగు ఇలాంటివి ఉంటాయి. మా ఆయన తరఫువాళ్లు ఆ గొప్ప తమ ఖాతాలో వేసుకుంటుంటే నేను అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. మాయ ఒకటే అయితే దాని లోపల ఇద్దరి రక్తనాళాలూ కలుస్తాయి. చాలాసార్లు ఇటు నుంచి అటు ఎంత వెళ్తే అటు నుంచి ఇటు అంతే వస్తుంది, ఇబ్బంది ఉండదు. నూటికి పది పదిహేను మంది విషయంలో మాత్రం తూకం తప్పుతుంది. ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డలోకి పోతూనే ఉంటుంది. ఇచ్చే బిడ్డకు రక్తం చాలక మూత్రం తగ్గిపోతుంది. ఉమ్మనీరంటే ఆ దశలో ఎక్కువగా బిడ్డ మూత్రమే కాబట్టి ఆ సంచి ఎండిపోతుంది, పొర బిడ్డ ఒంటికి అంటుకుపోతుంది. పుచ్చుకునే బిడ్డకేమైనా మేలా అంటే అదీ లేదు. అంత రక్తాన్ని తోడలేక గుండె అలసిపోతుంది, సంచి నిండా నీరు చేరుతుంది. డాక్టర్లు దీన్ని ట్విన్ టు ట్విన్ ట్రాన్స్‌ఫ్యూజన్ సిండ్రోమ్, పొట్టిగా టీటీటీఎస్ అంటారు. పట్టించుకోకపోతే ఇద్దరూ దక్కకపోవచ్చు. సకాలంలో పట్టుకుంటే తల్లి పొట్టలోంచి సన్నటి గొట్టం పంపి, ఆ కలిసిన నాళాలను లేజర్‌తో మూసేస్తారు.

సకాలంలో అన్న మాటే ఇక్కడ ప్రాణం. అందుకే ఒక మాయ అయితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్. రెండు మాయలైతే నెలకోసారి సరిపోతుంది. మాయ సంగతి రాయని రిపోర్టు పట్టుకుని నేను నెలకోసారే వెళ్తూ ఉంటే ఏమయ్యేదో తెలియదు. బహుశా ఏమీ అయ్యేది కాదు. ఆ 'బహుశా' మీద ఆధారపడాల్సిన అవసరం లేదన్నదే నా బాధ.

పెద్దమ్మాయప్పుడు స్కానింగ్ అంటే పండగే. ముక్కు చూశావా, చెయ్యి చూశావా అని. ఈసారి నేను ముఖాలు చూడలేదు, రెండు నల్లటి చుక్కల కోసం చూసేదాన్ని. పిల్లల మూత్రసంచులు స్కాన్‌లో నల్లటి గింజల్లా కనిపిస్తాయి. ఇద్దరివీ నిండి కనబడితే ఆ రెండు వారాలూ గడిచినట్టే. ఒకసారి 20వ వారంలో రెండోదాని చుక్క కనబడలేదు. డాక్టర్ ఏమీ అనకుండా ప్రోబ్ అక్కడే పట్టుకుని కూర్చున్నారు. ఏసీ చప్పుడు వినబడేంత నిశ్శబ్దం. "ఇప్పుడే పోసుంటుంది, ఆగండి," అన్నారు కాసేపటికి. పావుగంట గడిచాక గింజ మళ్లీ నల్లగా, చిన్నగా తేలింది. కడుపులో బిడ్డ మూత్రం పోసుకున్నందుకు ఏడ్చిన తల్లిని నేనొక్కదాన్నే అయ్యుండను.

ఇదంతా చెబితే ఒక ఆక్షేపణ వస్తుంది, నాకు వచ్చింది కూడా. "ఇవన్నీ తెలుసుకుంటే టెన్షన్ తప్ప ఏముంది? తెలియకుండా ఉంటే హాయిగా తొమ్మిది నెలలు గడిచేవి కదా." మా అమ్మ మాట ఇది, కొట్టిపారేయలేను. కానీ నా స్నేహితురాలి సంగతి చూడండి. నాకంటే నాలుగు నెలల తర్వాత తనకూ కవలలన్నారు. రాత్రంతా ఫోన్లో ఇవే చదివి, ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డ తాగేస్తోందని కలలు వచ్చి, పొద్దున్నే నాకు ఫోన్ చేసి ఏడ్చింది. రిపోర్టు ఫోటో పంపమన్నాను. అందులో స్పష్టంగా 'డైకోరియానిక్' అని రాసుంది. రెండు మాయలు. "నువ్వు చదివింది నీ గురించి కాదే," అన్నాను. తనను అన్ని రోజులు భయపెట్టింది ఆ ఒక్క పదం అర్థం ఎవరూ విడమర్చి చెప్పకపోవడమే. తెలిసిన భయానికి ఒక హద్దుంటుంది.

రెండు మాయలైనా, ఒకటైనా తల్లి ఒంటికి మాత్రం పెద్ద తేడా లేదు. మోత మోతే. అక్కడ పెద్దమ్మాయినీ వీళ్లనూ పోల్చి చెప్పగలను.

వేవిళ్లు నా అంచనా కంటే ఎక్కువే. గర్భం నిలిచాక పెరిగే హెచ్‌సీజీ హార్మోన్ కవలలప్పుడు ఎక్కువగా ఉంటుంది, దాని ప్రభావమే అంటారు. ఏడో నెలకే నిండు నెలల పొట్ట. పెద్దమ్మాయప్పుడు చివరి వారం దాకా మెట్లెక్కాను. ఈసారి 24వ వారానికి మొదటి అంతస్తు ఎక్కి గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. పొట్ట బరువొక్కటే కాదు కారణం. ఏ గర్భిణికైనా రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది, కవలలైతే అంతకంటే ఎక్కువ. గుండె ఒక బిడ్డప్పటి కంటే ఇంకో ఐదోవంతు ఎక్కువ రక్తం తోడాలి. నీరు పెరిగినంత వేగంగా ఎర్రకణాలు పెరగవు కాబట్టి రక్తం పలచబడుతుంది. మొదటి కాన్పులో 11 కంటే తగ్గని నా హిమోగ్లోబిన్ ఈసారి 9.6కి దిగింది. ఐరన్ మాత్ర ఒకటి రెండయ్యింది.

బరువు గురించి అందరూ తలో మాట చెబుతారు కాబట్టి అంకెలే ఇస్తాను. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన సూచన ప్రకారం, గర్భానికి ముందు సరైన బరువున్న మనిషి ఒక బిడ్డైతే 11.5 నుంచి 16 కిలోలు, కవలలైతే సుమారు 17 నుంచి 25 కిలోలు పెరగొచ్చు. ముగ్గురి కోసం తినమని పళ్లెం నింపేవాళ్లకు ఒక మాట: ఒక్కో బిడ్డకు రోజుకు సుమారు 300 కేలరీలు అదనం, అంతే. పైగా ఏడో నెల తర్వాత పొట్టలో చోటెక్కడిది? నాలుగు ముద్దలకే గొంతు దాకా వచ్చేది.

బీపీ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. గర్భంలో వచ్చే బీపీ జబ్బు, అదే ప్రీఎక్లాంప్సియా, కవలల తల్లులకు రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుకే చాలామంది డాక్టర్లు పన్నెండో వారం నుంచే చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. ఎవరికి ఇవ్వాలో వాళ్లే చెప్పాలి, పక్కింటావిడ వేసుకుందని మనం వేసుకునేది కాదు. వదలని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి ముఖం వాపు. ఇవి కనబడితే తెల్లారేదాకా ఆగొద్దు.

ఇప్పుడు నాకు ఇంకా కోపం తగ్గని విషయం: బెడ్ రెస్ట్. "కవలలమ్మా, కాలు కింద పెట్టకు." నేను పెట్టలేదు. ఐదో నెలలో మూడు వారాలు మంచం మీదే ఉన్నాను, బాత్రూమ్‌కి, స్కానింగ్‌కి తప్ప లేవకుండా. ఆ తర్వాత చెకప్‌కి వెళ్తే డాక్టర్ గారు పిక్కలు నొక్కి చూసి, "ఎవరు పడుకోమన్నారు?" అని అడిగారు. అందరూ అన్నారు, నిర్దిష్టంగా ఎవరూ అనలేదు. కవలల తల్లుల్ని కదలకుండా పడుకోబెడితే నెలలు నిండకుండా వచ్చే కాన్పులు తగ్గుతాయని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. కండలు కరుగుతాయి, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, మనసు చెడిపోతుంది. అలాగే కవలలన్న ఒక్క కారణంతో అందరికీ గర్భసంచి మూతికి కుట్టు వేయడం వల్ల కూడా ఉపయోగం కనబడలేదు. అలసినప్పుడు నడుం వాల్చడం, ప్రత్యేక కారణం ఉండి డాక్టర్ ఆపడం వేరు. నన్ను పడుకోబెట్టింది మాత్రం ప్రేమ, దానికి తోడు ఏదో ఒకటి చెయ్యాలన్న ఆత్రం.

పోలిక గురించి కూడా చెప్పాలి. ఒక బిడ్డైతే బరువును చార్టుతో పోలుస్తారు. కవలలైతే చార్టుతో పాటు ఒకరితో ఒకరిని పోలుస్తారు. పెద్దదాని బరువులో చిన్నది 20 శాతానికి మించి తక్కువుంటే నిఘా పెంచుతారు. మా వాళ్ల తేడా 31వ వారంలో 19కి వచ్చింది. అప్పటిదాకా మొదటిది, రెండోది అని పిలుచుకున్న వాళ్లు (గర్భసంచి మూతికి దగ్గరున్నది మొదటిది) ఆ రోజు నుంచి నా నోట్లో 'పెద్దది', 'చిన్నది' అయ్యారు. పుట్టకముందే పేర్లు పడ్డాయి. ఇక్కడే కవలల గర్భంలోని అసలు కష్టం నాకు అర్థమైంది. ఒక బిడ్డ లోపల ఎదగకపోతే ఎప్పుడు బయటికి తీయాలన్నది ఆ బిడ్డ ఒక్కదాని మంచి చెడులు చూసి తేల్చుకోవచ్చు. ఇక్కడ చిన్నదాని కోసం తొందరపడితే, లోపల హాయిగా ఎదుగుతున్న పెద్దది కూడా నెలలు నిండకుండా బయటపడాలి. పెద్దదాని కోసం ఆగితే చిన్నదాని సంగతేంటి? పైగా మాయ ఒకటే కాబట్టి చిన్నదానికేమైనా అయితే ఆ దెబ్బ కలిసిన నాళాల గుండా పెద్దదానికీ తగలొచ్చు. ఇద్దరికీ ఒకటే తేదీ. "ఇద్దరిలో ఎవరి వైపు ఆలోచిస్తున్నారు?" అని డాక్టర్ గారిని అడిగాను. "ఈ వారం ఇద్దరి వైపూ ఆగడమే మంచిది. వచ్చే వారం మళ్లీ అడగండి," అన్నారు. అలా నాలుగు వారాలు అడిగాను.

క్యాలెండర్ కూడా వేరే. 40 వారాలన్నది ఒంటి బిడ్డ లెక్క. కవలల్లో నూటికి 60 కాన్పులు 37 వారాల లోపే అయిపోతాయి. నొప్పులు వాటంతట అవి రాకపోయినా, ఇబ్బందులేమీ లేకపోతే రెండు మాయల వాళ్లకు 37 వారాల దగ్గర, ఒక మాయ రెండు సంచుల వాళ్లకు 36 దగ్గర కాన్పు చేయడం బ్రిటన్ మార్గదర్శకాల పద్ధతి. దేశాన్ని బట్టి ఒకటి రెండు వారాలు అటూ ఇటూ ఉంటుంది. ఒకే సంచిలో ఇద్దరుంటే 32 నుంచి 34 వారాల మధ్య సిజేరియన్. ఆస్పత్రి బ్యాగు, సెలవు, పెద్దపిల్ల ఎక్కడ ఉండాలి అన్నవన్నీ 30వ వారానికే తేల్చుకోవాలి. నేను తేల్చుకోలేదు. 33వ వారంలో పొట్ట రాయిలా బిగుసుకుంటుంటే మామూలేనని సగం రోజు ఇంట్లోనే కూర్చున్నాను. వెళ్లేసరికి పిల్లల ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు, ఒకటి ఆ రోజు, ఇంకోటి మర్నాడు. నొప్పులు ఆగాయి. సగం రోజు అలా కూర్చున్నందుకు నాకు పడ్డ చీవాట్లు ఇక్కడ రాయను.

కవలలంటే సిజేరియనే అని అందరూ ఖాయం చేసేశారు. ఈ ప్రశ్న తేల్చడానికే 25 దేశాల్లో సుమారు 2,800 మంది మీద ట్విన్ బర్త్ స్టడీ జరిగింది, ఫలితాలు 2013లో వచ్చాయి. మొదటి బిడ్డ తల కిందికి ఉన్నప్పుడు, ముందే సిజేరియన్ అనుకోవడం వల్ల పిల్లలకు అదనపు మేలేమీ జరగలేదు. మా పెద్దది తల కిందికే ఉంది, మొదటి కాన్పు మామూలుగానే అయింది కాబట్టి నేను మామూలు కాన్పుకే ఒప్పుకున్నాను. పక్కనే ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా పెట్టుకున్నారు, అవసరమైతే రెండోదాన్ని కోసి తీయాలి కదా. రెండు గుండెల చప్పుళ్లకు రెండు బెల్టులు, ఇద్దరు పిల్లల డాక్టర్లు, రెండు వెచ్చటి ఉయ్యాలలు, గదిలో పదకొండు మంది. పెద్దమ్మాయప్పుడు ముగ్గురే ఉన్నారు.

35 వారాల 4 రోజులకు పెద్దది వచ్చింది, 2.2 కిలోలు. అది ఖాళీ చేసిన చోట చిన్నది అడ్డం తిరిగింది. డాక్టర్ గారు లోపలికి చెయ్యి పెట్టి, కాళ్లు పట్టుకుని బయటికి తీశారు. 14 నిమిషాల తేడా. 1.8 కిలోలు. ఏడుపు వినబడ్డాక గదిలో అందరూ నా పిల్లల వైపు తిరిగారు, నా డాక్టర్ మాత్రం నా పొట్ట మీదే చెయ్యి పెట్టి ఉంచారు. అంతగా సాగిన గర్భసంచి వెంటనే ముడుచుకోదు, రక్తం ఎక్కువ పోయే ప్రమాదం ఉంది. రెండు ఇంజక్షన్లు పడ్డాక గట్టిపడింది.

హడావిడి సద్దుమణిగాక సిస్టర్ ఒక మూల ట్రేలో మాయను తిప్పి చూస్తోంది. "నాకొకసారి చూపిస్తారా?" అన్నాను. చాలామంది అడగరట, ఆశ్చర్యపోయి దగ్గరికి తెచ్చింది. ఒకటే మాయ, రెండు బొడ్డుతాళ్లు. ఒకటి మధ్యలోంచి లావుగా వచ్చింది. ఇంకోటి అంచున సన్నగా వేలాడుతోంది, దానికి రెండు క్లిప్పులున్నాయి. రెండు క్లిప్పులంటే రెండో బిడ్డది అని గుర్తట. తర్వాత రెండు తాళ్ల మధ్య ఉన్న పొరను వేళ్లతో పట్టుకుని పైకెత్తింది. పన్నెండో వారంలో స్క్రీన్ మీద వెంట్రుకలా కనబడిన గీత. లైటుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి నుంచి ఆమె గ్లవ్స్ మీది ముడతలు కూడా కనిపించాయి.